సామూహిక ప్రార్థనకు రిహార్సలు

"ఇకమీదట ప్రతి ఆదివారం ఆరాధనలో సరిగ్గా ఏడు నిమిషాలపాటు సంఘమంతా ఏకమనస్సుతో, ఏకకంఠంతో ప్రార్థించవలెనని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది!"

మా చర్చి కార్యదర్శి మైకులో ఇది చదివినప్పుడు, మరి ఇన్నాళ్ళూ మనం వచ్చి చేస్తున్నదేమిటని నాకో సందేహం కలిగింది. పైకి అనలేదు. మూడో తరగతి దగ్గర చదువాగిపోయినదాన్ని, తీర్మానాల సంగతి నాకేం తెలుస్తుంది?

ఆ ఏడు నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలా అని కమిటీ రెండు నెలలు తల పట్టుకు కూర్చుంది. ప్రసంగంలో ఒక్క నిమిషం కూడా వదలనన్నారు పాస్టరుగారు. ఆయన ప్రతివారం మూడుసార్లు "చివరగా" అంటారు, ఆ మూడు చివరలూ ఆయనకు ముఖ్యమే. చరణం తగ్గిస్తే అసలు పాటే మానేస్తామంది పాటల బృందం. ప్రకటనలు తగ్గించాలంటే కార్యదర్శి నోరు తగ్గించాలి, ఆ ఊసెత్తే మగాడు పుట్టలేదు. ఇక మిగిలిందొకటే. ప్రసంగమయ్యాక అందరం తలలు వంచుకుని ఎవరి మొర వాళ్ళం మౌనంగా చెప్పుకునేవాళ్ళం కదా, దాన్ని రద్దుచేసి ఆ సమయం తీసుకున్నారు. ప్రార్థన దగ్గర తీసి ప్రార్థనకే ఇచ్చారన్నమాట. ఎంత న్యాయం!

ఈలోగా నా తోడికోడలికి గొంతులో గడ్డ బయటపడింది. ఆమెది కుట్టుపని. మా మరిది పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే ఉంటోంది. పొద్దస్తమానం మిషను తొక్కుతూ పాడుతుంది. పాట ఆగిందంటే దారం తెగిందని మాకు గుర్తు. గడ్డ తీసేస్తాం కానీ గొంతు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆపరేషనుకు నెలరోజులు గడువిచ్చాడు. ఆ రోజు నుంచి మిషను నడుస్తోంది, పాట లేదు.

"ఒక్కదాన్నే ప్రార్థన చేసుకుంటుంటే మాట మధ్యలో భయం వచ్చి కూర్చుంటోందక్కా" అంది ఒకరోజు కూరలు తరుగుతూ. "నలుగురూ చెయ్యివేసి ఒక్కసారి నాకోసం అడిగితే, తర్వాత ఏదయితే అది అవుతుంది."

ఇంకేం, ఏడు నిమిషాలున్నాయిగా, ఒక్క నిమిషం నీకు రాకపోతుందా అన్నాను. ఎంత అమాయకురాలిని!

మొదటి ఆదివారం కార్యదర్శి లేచి కలిసి ప్రార్థించడం ఎంత అవసరమో చెప్పాడు. ఆయన పూర్వం ఫ్యాక్టరీలో టైమ్‌కీపరు. నిమిషం ఆలస్యమైతే సగంరోజు జీతం కోసిన మహానుభావుడు. తన మాటలకు మాత్రం ఆ లెక్క వర్తించదు. ఆరున్నర నిమిషాలు చెప్పి, "ఇప్పుడందరం లేచి ప్రార్థిద్దాం" అన్నాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళం లేచి నిలబడేసరికి, "సమయం ముగిసింది, కూర్చోండి" అన్నాడు.

రెండో ఆదివారం నిబంధనలు చదివాడు. మనవులన్నీ చీటీ మీద రాసి గురువారంలోగా ఇవ్వాలట. భాష మర్యాదగా ఉండాలట. ఇది అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే అప్పటికే ఒకావిడ తన కోడలికి పొద్దున్నే లేచే మనసియ్యమని చీటీ వేసింది, ఆ కోడలేమో అత్తగారికి నోరు కట్టెయ్యమని వేసింది. దేవుడు ఎవరి పక్షాన నిలబడతాడు పాపం?

నా తోడికోడలి చీటీ మూడో ఆదివారానికి తిరిగొచ్చింది. ఎర్రసిరాతో కింద మూడు అభ్యంతరాలు: 'గడ్డ' అన్న మాట ఆరాధనకు తగదు. డాక్టరు కాగితం జతచేయలేదు. ఆపరేషను సోమవారమని ఉంది, ఏ సోమవారమో తేదీ లేదు.

తేదీ వేసి, కాగితం జతచేసి, గడ్డను 'అస్వస్థత'గా మార్చి మళ్ళీ ఇచ్చింది. ఇక మిగిలింది ఒక్క ఆదివారం. మర్నాడే ఆపరేషను.

సరిగ్గా ఆ ఆదివారమే బిషపుగారు వస్తున్నారని కబురు. మా చర్చిలో సామూహిక ప్రార్థన వర్ధిల్లుతోందని కార్యదర్శి పైకి రాసిన నివేదిక చదివి, కళ్ళారా చూస్తానన్నారట. నేనూ ఆ వర్ధిల్లడం చూద్దామనే మూడు వారాలుగా ఎదురుచూస్తున్నాను.

కమిటీ హడలిపోయింది. శనివారం పొద్దున రిహార్సలన్నారు. ఎవరు ఎటు నిలబడాలి, చేతులు ఏ ఎత్తులో పెట్టాలి, ఆమేన్ ఎప్పుడనాలి, అన్నీ కాగితం మీద గీశారు. మధ్యలో కుర్చీ వేసి, అందులో కూర్చునే బాధితురాలిగా కంట్రాక్టరుగారి భార్యను ఎంపికచేశారు. ఆవిడకు అప్పుడప్పుడూ తలనొప్పి వస్తుందట. పైగా ముక్కు ఎర్రబడకుండా ఏడవగలదు. నా తోడికోడలి చీటీ సంగతి అడిగితే, "బిషపుగారి ముందు ఆపరేషన్లు, గొంతులు ఎందుకక్కగారూ, చూద్దాం, వచ్చేవారం" అన్నాడు కార్యదర్శి.

వచ్చేవారానికి ఆ మనిషికి ఆమేన్ అనే గొంతుంటుందో లేదో!

శనివారం కంట్రాక్టరుగారి భార్య రాలేదు. కన్నీళ్ళు ఆదివారానికి దాచుకుంటానని కబురంపింది. కుర్చీ ఖాళీగా ఉంది. నా తోడికోడలు పాటల బృందం అంగీలకు అంచులు కుట్టడానికొచ్చి, వెనకబల్ల మీద కూర్చుని పని చేసుకుంటోంది.

"ఎవరో ఒకరు వచ్చి కూర్చోండి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా" అన్నాడు కార్యదర్శి.

"నేను కూర్చోనా?" అంది వెనకనుంచి.

"కూర్చో అమ్మా. కానీ ఇది నీకోసం కాదు, గుర్తుంచుకో."

"కాదులెండి" అంటూ సూది అంగీకి గుచ్చి వచ్చి కూర్చుంది.

కార్యదర్శి గడియారం చూసి, ఊఁ అన్నాడు. కాగితంలో గీసినట్టే చేతులు పెట్టాం. నా చెయ్యి ఆమె భుజం మీద పడింది. అంతే, ఎవరికి ఏ వాక్యం రాసిచ్చారో ఎవరికీ గుర్తులేదు. నేను దాని గొంతు దానికుంచమని అడిగాను. అత్తకు నోరు కట్టెయ్యమన్న ఆ కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. అత్త ఆ పిల్ల వీపు రాస్తూనే తనూ అడిగింది. మెట్లు ఊడుస్తున్న కాపలామనిషి చీపురు గోడకానించి వచ్చి చెయ్యివేశాడు. పాస్టరుగారు రాసుకొచ్చిన కాగితం మడిచేసి, ఒక్కటంటే ఒక్కసారి కూడా "చివరగా" అనకుండా ప్రార్థించారు.

"ఏడయింది" అన్నాడు కార్యదర్శి. "పదయింది. అయ్యా, పదిహేను!" ఎవరూ వినలేదు.

అరగంటకు మేం కళ్ళు తుడుచుకుంటుంటే చివాట్లు పెట్టాడు. "రిహార్సల్లోనే ఇంత ఏడిస్తే రేపటికేం మిగులుతుంది?"

రేపటికి ఏమీ అవసరం లేకపోయింది. ఆదివారం స్వాగతోపన్యాసం, పుష్పగుచ్ఛాలు, కమిటీ పరిచయం, కమిటీని పరిచయం చేసినవారి పరిచయం అయ్యేసరికి పొద్దెక్కింది. కార్యదర్శి మైకందుకుని, "సమయాభావం వల్ల సామూహిక ప్రార్థన జరిగినట్టుగా భావించవలెను" అన్నాడు. భావించాం. కంట్రాక్టరుగారి భార్య కన్నీళ్ళు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఇంటికి తీసుకెళ్ళింది. ఇంత క్రమశిక్షణగల ప్రార్థన ఎక్కడా చూడలేదని బిషపుగారు మెచ్చుకున్నారు.

సోమవారం ఆపరేషనయింది. గొంతు మిగిలింది. కాస్త బొంగురుపోయిందంతే. పదిరోజులకు మిషను దగ్గర కూనిరాగం వినబడితే నేను వంటింట్లో గరిట పట్టుకుని నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే కార్యదర్శి వచ్చాడు. పరామర్శకొచ్చిన మనిషి పరామర్శించకుండా కుర్చీ అంచున కూర్చుని టోపీ నలుపుతున్నాడు.

"అక్కగారూ, ఆ శనివారంలాంటి రిహార్సలు ఇంకోటి పెడదామా? కమిటీకి తెలియకుండా."

"ఎవరొస్తున్నారు తమ్ముడూ, మళ్ళీ బిషపుగారా?"

"ఎవరూ లేరు." తల దించుకున్నాడు. "గుండె పరీక్ష రాశారు. గురువారం. ఇంట్లో కూడా చెప్పలేదు."

"చీటీ రాశారా?" అనబోయి నాలుక కరుచుకున్నాను. నా తోడికోడలు మిషను ఆపి లేచింది. "ఇలా ముందుకు జరిగి కూర్చోండన్నయ్యా" అంది ఆ బొంగురు గొంతుతోనే. ఆయన తల మీద చెయ్యి వేసింది. ఎంతసేపయిందో నేను చూడలేదు, ఆయనా చూసుకోలేదు.

పరీక్షలో భయపడాల్సిందేమీ లేదన్నారట. ఆ ఆదివారం ఆయన ఎప్పటికన్నా గట్టిగా మైకు పట్టుకుని ప్రకటించాడు:

"సమయాభావం వల్ల నేటి సామూహిక ప్రార్థన కూడా జరిగినట్టుగా భావించవలెను. అయితే దాని రిహార్సలు మాత్రం ఇకమీదట ప్రతి శనివారం జరుగును. సమయ పరిమితి లేదు. అందరూ తప్పక రావలెను."

వెళుతూనే ఉన్నాం. శనివారం ఒక్క బల్ల కూడా ఖాళీ ఉండదు. దేనికి రిహార్సలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.