పాలెం పిల్లకు ఫ్రెంచి మంజూరైన వైనం

లోకంలో ఏ జాతి అయినా ముందుగా సంపాదించుకోవలసింది పరాయి భాష. తిండీ బట్టా తరువాత చూసుకోవచ్చు. ఈ సత్యాన్ని మార్కాపురం తాలూకాలో మొదట కనిపెట్టినవాణ్ణి నేనే. నీ చదువెంత అని అడగకండి. మిషను బడిలో మూడో తరగతి. తక్కినదంతా దుకాణం పొట్లాలు విప్పి చదువుకున్నదే.

జపాను వాడు రంగూను పట్టుకున్న ఏడాది మా హైస్కూలుకు (పేరు రాస్తే కేసు పెడతారు) ఒక ఉత్తర్వు వచ్చింది. పై తరగతుల వారికి విదేశీ భాష ఒకటి నేర్పవలెను. అయితే శిస్తు కట్టే తండ్రుల పిల్లలకు మాత్రమే. (భూమి లేనివాడికి విదేశంతో ఏం పని?)

సరిగ్గా అప్పుడే మార్తమ్మక్క నా దగ్గరికి వచ్చింది. మా పాలెంలోనే కూలికి పోయే మనిషి. ఆమె కూతురు ఎలీషబా ఆ హైస్కూల్లో అడుగుపెట్టిన మొదటి పాలెం పిల్ల. బడి నీళ్ళకుండను పాలెం చేతులు తాకరాదు. నౌకరు కొండమ్మ పైనుంచి పోస్తే కింద దోసిలి పట్టాలి. కొండమ్మ ఉద్యోగంలో గంట కొట్టడం, వసారా ఊడవడం, హెడ్మాస్టరు గారింట్లో పప్పు రుబ్బడం ఉన్నాయి. (నీళ్ళు పోయడం ఆఖరిది. అందాకా రోజు మిగలదు.)

"పిల్ల నాలిక పిడచగట్టుకొని వస్తాంది రా ఎజ్రా. మొన్న దారిలో కండ్లు తిరిగి పడిపోయింది. ఆ కుండ సంగతేందో మాట్లాడు. లేకుంటే బడి మానిపిస్తా."

"కుండదేముందిలే అక్కా, చిన్న సంగతి. రేపు జపానోడు కంభంలో రైలు దిగితే వానితో మాట్లాడేదెవురు? మళ్ళా కరణం కొడుకేనా?"

"దిగితే దిగినాడు. వాడైనా ముందు అడిగేది నీళ్ళే గదరా?"

రాజకీయ జ్ఞానం లేని మనిషి అని జాలిపడ్డాను.

పాలెం మొత్తాన్ని కూలి మానిపించి హైస్కూలు గేటు ముందు కూర్చోబెట్టాను. జపాను భాష అందరిదీ అని గొంతు పోయేలా అరిచాం. వారం తిరగకుండా జవాబు వచ్చింది: జపాను శత్రుభాష గనుక నేర్పరాదు, నేర్పమని అడుగుట నేరము. ఫ్రెంచి ఓడిపోయిన దేశపు భాష గనుక నిరపాయకరము. పాలెం వారికి సైతం మంజూరు.

నన్ను భుజాల మీద ఊరేగించారు. కింద నడుస్తూ మార్తమ్మక్క "కుండో?" అంది. డప్పుల మోతలో నాకు వినపడలేదు. (రెండుసార్లూ వినపడలేదు.)

పంతులుగా కంభంలో సోడాలమ్మే మజీద్ సాయిబును పెట్టారు. పోయిన యుద్ధంలో కంచరగాడిదలు తోలుతూ ఫ్రాన్సు వెళ్ళివచ్చిన మనిషి. "గాడిదల్ని అదిలించేది, నీళ్ళడిగేది, నాకొచ్చింది ఇంతే నాయనా" అని ముందే చెప్పాడు. "ఆడ ఒక ముసలామె నన్ను ఏమోళ్ళు, ఏ కులమని అడగలా. ఆమె తాగే గ్లాసుతోనే ఇచ్చింది." గాడిదల భాగాన్ని హెడ్మాస్టరు కొట్టేశారు. మిగిలిందే సిలబసు.

వేసవి ముదిరాక విదేశీ భాషల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చారు. ఆయనకు ఫ్రెంచి రాదు. (వస్తే పక్షపాతం చూపుతారని, రానివారినే వేస్తారు.) కిటికీ బయట నేనూ మార్తమ్మక్కా నిలబడ్డాం. లోపల మూలన కుండ ఉంది. కొండమ్మ లేదు, ఇన్‌స్పెక్టరు గారికి మజ్జిగ చిలకడానికి పోయింది.

"ఈ పొద్దు కూడా పిల్ల ఎండుకపోతే, రేపట్నుంచి నాతో మిరపకోతకే," అంది అక్క.

ఎలీషబా లేచి తడుముకోకుండా ఫ్రెంచి చెప్పింది. చప్పట్లు మొదలుపెట్టింది నేనే.

"అర్థం?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"అమ్మా, దప్పికగా ఉంది, కొంచెం నీళ్ళివ్వండి అని సార్."

"భేష్! ఎంత సహజంగా చెప్పావు! కూర్చో."

పిల్ల కూర్చోలేదు. పెదవులు తడుపుకుంది. "నిజంగానే దప్పికైతాంది సార్. నీళ్ళు కావాల."

ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు. "తెలుగు తనిఖీ రేపమ్మా."

మార్తమ్మక్క నా మోచెయ్యి పట్టి కుదిపింది. "ఏదన్నా అనరా ఎజ్రా!"

నేను ఊరుకుంటానా? తెలుగు తనిఖీ ఈ రోజే జరిపి తీరాలని అక్కడికక్కడే నినాదం ఎత్తుకున్నాను.