నాజూకు సంఘంలో కొమ్మ తూకం

పెద్ద అడవుల్లో కూడా పెద్దది ఆ అడవి. దాని నడుమ ఒక వాగు. వానలు ముదిరితే ఇవతలి ఒడ్డంతా మునిగిపోతుంది. అందుకని జంతువులన్నీ ముందుగానే అవతలి గుట్టకు చేరుకోవాలి. దగ్గరి దారి ఒక్కటే, వాగుకు అడ్డంగా ఎప్పుడో కూలిన మద్దిమాను.

ఆ మాను మీద నడవడానికి ఒక కట్టుబాటు ఉంది. తేలికవాళ్లు ముందు, బరువువాళ్లు చివర. మాను విరిగితే విరిచినవాళ్లే ఇవతల మిగలాలి. న్యాయమే.

ఎలుగుబంటి భద్రమ్మ ఎప్పుడూ చివరే. పోయినేడు ఆమె అడుగు వేస్తే మాను కిర్రుమంది. ఆ చప్పుడు ఏడాదంతా ఆమె చెవిలోనే ఉండిపోయింది. ఈసారి వీపు మీద పిల్ల కూడా ఉంది. ఇప్పపూల కాలం వచ్చి వెళ్లేసరికి ఒళ్లు ఇంకో చుట్టు పెరిగింది. తినేటప్పుడు పిల్ల కోసమే అనుకుంది. తినేవాళ్లకు సాకులు దొరక్కపోవడం ఎక్కడా లేదు.

"నాలాగా సొంత పథ్యం చెయ్యి వదినా," అన్నాడు పొరుగున ఉండే అడవిపంది కోరయ్య. "నిన్న దుంపల దినం. దుంపలు తప్ప ఏదీ ముట్టలేదు. ఇవాళ పళ్ల దినం."

"రేపు?"

"రేపు విశ్రాంతి. అన్నీ తింటాను."

"తప్పు చేస్తే అడిగేదెవరు?"

"నేనే అడుగుతాను, నేనే క్షమిస్తాను. మా ఇద్దరికీ ఇంతవరకు మాట తేడా రాలేదు."

భద్రమ్మ అతని పొట్ట వైపు చూసింది. అది నేలకు రాసుకుంటోంది. అడిగేవాళ్లు ఉన్నచోటికే పోదామనుకుని, నక్క సన్నయ్య పెట్టిన నాజూకు సంఘంలో చేరింది.

సంఘంలో అన్నీ పద్ధతిగా ఉన్నాయి. చేరినవాళ్లు తాము తినకూడనివన్నీ తెచ్చి గురువుగారికి అప్పగించాలి. భద్రమ్మ తేనెపట్లు తెచ్చింది.

"మీ ఆశలన్నీ నేను మోస్తాను," అన్నాడు సన్నయ్య నిట్టూర్చి. ఎక్కడ మోస్తున్నాడో ఆయన పొట్ట చూస్తేనే తెలుస్తోంది.

వారం వారం కొమ్మ తూకం. సభ్యులు ఒక్కొక్కరే నేరేడు కొమ్మ మీద కూర్చోవాలి. కొమ్మ ఎంత వంగితే అంత బరువు. మొదటి వారం భద్రమ్మ కూర్చుంటే కొమ్మ నేలకు ఆనింది. మరుసటి వారం మోకాలెత్తున ఆగింది. సభ్యులంతా చప్పట్లు కొట్టారు.

ఆ పొద్దున్నే దారిలో ఒక చెదపుట్టను ఖాళీ చేసి వచ్చిన సంగతి భద్రమ్మకు తెలుసు.

"గురువుగారూ, ఇది కిందటి వారం కొమ్మ కాదు. లావుగా ఉంది," అంది మెల్లగా.

"పాత కొమ్మ మీ పాత బరువుకు అలవాటు పడిపోయిందమ్మా. దానికి మీ మీద మంచి అభిప్రాయం లేదు."

"ఒళ్లు మాత్రం అలాగే ఉన్నట్టుంది."

"ఒళ్లు తగ్గింది. పెరగవలసింది మీ నమ్మకం."

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. పుట్ట సంగతి చెబితే అవి ఆగిపోతాయి. భద్రమ్మ కొమ్మ దిగింది. తినడానికి తెరుచుకున్నంత సులువుగా నిజం చెప్పడానికి నోరు తెరుచుకోదు.

వారానికొక లావు కొమ్మ మారింది. చివరికి ఆమె మెడలో ఆకుల దండ వేసి, తేలిక సభ్యురాలని చాటించారు.

తొలి వాన పడింది. జంతువులన్నీ మాను దగ్గర బారులు తీరాయి. దండలున్నవాళ్లు తేలికవాళ్లు కాబట్టి ముందు నిలబడ్డారు. కుందేళ్లకు దండలు లేవు. సంఘంలో చేరే అవసరం వాటికి ఎన్నడూ రాలేదు. అందుకని వాటిని చివరికి నెట్టేశారు.

అందరికంటే ముందు భద్రమ్మ. అడుగు వేసింది.

కిర్రుమంది. పోయినేటి చప్పుడే, ఇంకా గట్టిగా. మాను మీద చిన్న నెర్రె పారింది. వీపు మీది పిల్ల గోళ్లతో జుట్టు పట్టుకుంది.

"నడవండమ్మా," అన్నాడు సన్నయ్య వెనకనుంచి. "మానుకు నమ్మకం చాలక అలా అంటోంది."

"కొమ్మనంటే మార్చారు గురువుగారూ. దీన్ని మార్చలేరు." భద్రమ్మ వెనక్కి దిగి, దండ తీసి రాతి మీద పెట్టింది. "నా బరువు నాకు తెలుసు. నేను చివరే వస్తాను. కుందేళ్లను పంపండి."

వరుసలో గుసగుసలు లేచాయి. కొందరు తమ దండలు తడుముకున్నారు. సన్నయ్యకు వాగు కంటే ఆ గుసగుసలే భయం పుట్టించాయి.

"సంఘం సత్తా చూపిద్దాం. దండలున్నవాళ్లంతా ఒకేసారి నా వెనక రండి," అని మాను ఎక్కాడు.

వచ్చారు. సగం దూరం పోయేసరికి మాను ఫెళ్లున విరిగింది. వాగు అందరినీ కాసేపు దొర్లించి ఇవతలి ఒడ్డుకే విసిరికొట్టింది. కుందేళ్లు దాటవలసిన దారి కూడా వాళ్లతోపాటే కొట్టుకుపోయింది.

ఇక అందరికీ మిగిలింది వాగు పుట్టిన కొండను చుట్టివచ్చే రాళ్ల దారి. అక్కడ దుంప లేదు, పండు లేదు, పుట్ట లేదు. వెనక నీళ్లు తరుముకొస్తుంటే భద్రమ్మ పిల్లను దించకుండా నడిచింది. ఎన్నో రోజులకు గుట్ట చేరేసరికి ఆమె తోలు వేలాడుతోంది. కోరయ్య పొట్ట నేలను వదిలింది.

గుట్ట మీద సన్నయ్య ఆమెను నలుగురి ముందుకు పిలిచాడు.

"ఎలా తగ్గారో ఒక్క మాట చెప్పండమ్మా."

"తినడానికి ఏమీ లేక."

"ఏమీ లేని దినం నేనెప్పుడో కనిపెట్టాను," అన్నాడు కోరయ్య. ఎవరూ వినిపించుకోలేదు.

మర్నాడు సన్నయ్య ఎత్తైన బండ ఎక్కి చాటింపు వేశాడు. "భద్రమ్మగారు స్వయంగా చెప్పిన రహస్యం, ఏమీ లేని పథ్యం. చేరేవాళ్లు తినకూడనివన్నీ వెంట తెచ్చుకోవాలి."

వరుస కట్టారు. ఆనాడు వాగులో పడ్డవాళ్లే ముందు. ఈసారి కుందేళ్లు కూడా నిలబడ్డాయి. దండ లేకపోతే ఎక్కడికి నెడతారో వాటికి తెలిసొచ్చింది.

భద్రమ్మ అటు చూడలేదు. దూరంగా ఒక చెదపుట్ట తవ్వి, పిల్లకు పెట్టి, తాను సగం తిని, మిగిలిన సగానికి మన్ను కప్పి వెళ్లిపోయింది. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

ఒళ్లు తగ్గాలంటే ఎవరి నోరు వాళ్లు కట్టుకోవాలి, పెరగాలంటే ఒళ్లు తగ్గించే సంఘం పెట్టుకోవాలి.