అవకాడో చెట్టుకి చలి

“గింజ నాటి చెట్టు పెంచినవాడే తోటమాలి! అంటు మొక్క కొన్నవాడు వట్టి బేరగాడు!”

క్వీన్స్‌లాండ్ తీరంలోని ఆ చిన్న ఊళ్లో, పెరటి తోటల సంఘం అధ్యక్షుడు నెవిల్ ట్రాస్క్ ఇలా గర్జించగానే హాలంతా చప్పట్లు. గింజ నాటి పెంచిన అవకాడో చెట్ల పోటీలో రెండేళ్లుగా ‘గింజ కప్పు’ అతనిదే మరి! ఈసారి మాత్రం గుండెల్లో రాయి పడింది. రిటైరైన టీచరమ్మ ఐరిస్ పెరట్లో పదకొండేళ్లుగా ఆకులు తప్ప ఏమీ ఇవ్వని అవకాడో చెట్టు ఒక్కసారిగా విరగకాసింది.

గింజ చెట్టుకి అన్ని కాయలా! అంటు కట్టిందే అయ్యుండాలి!

“రేపు కమిటీ ఇంటింటికీ వెళ్లి చెట్ల మొదళ్లు చూస్తుంది. అంటు మచ్చ కనబడితే పోటీ నుంచి అవుట్!”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఇంటికొచ్చి తన చెట్టు చూసుకున్నాక నెవిల్‌కి ముచ్చెమటలు పట్టాయి. జానెడు ఎత్తులో అంటు మచ్చ, ఇంత లావున ఉబ్బి! నాలుగేళ్ల కిందట పక్క ఊరి నర్సరీలో తానే కొన్న సంగతి, కప్పు మెరుపులో మరిచేపోయాడు. గబగబా గోనెసంచి తెచ్చి మొదలుకి చుట్టాడు.

“ఏంటది?” అంది భార్య జాయిస్.

“చెట్టుకి చలి.”

“ముప్పయి నాలుగు డిగ్రీల ఎండలోనా? అయితే నాకూ ఓ స్వెటర్ తీసిపెట్టు!”

మర్నాడు కమిటీ బయల్దేరింది. మొదట కోశాధికారి డెస్ ఇల్లు. అతని చెట్టు మొదలుకి ఉన్ని దుప్పటి!

“ఈ ఏడు చలి ఎక్కువే,” అన్నాడు డెస్, నేలచూపులు చూస్తూ.

నెవిల్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఎముకలు కొరికేస్తోందనుకో!” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

రెండో ఇంట్లో తువ్వాలు. మూడో ఇంట్లో పాత ప్యాంటు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఐరిస్ చెట్టు ఒక్కటే బోసి మొదలుతో నిలబడి ఉంది. నున్నగా ఉంది. మచ్చ లేదు.

“చలి నుంచి రక్షణ ఏర్పాట్లు శూన్యం,” నెవిల్ గంభీరంగా రాసుకున్నాడు. “అనర్హత!”

ఐరిస్ తగువాడలేదు. కాయొకటి కోసి, గింజ తీసి కడిగి అతని అరచేతిలో పెట్టింది. గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

“కప్పు నువ్వే ఉంచుకో నెవిల్. ఛాంపియన్‌వి కదా, ఇది మొలకెత్తించి ఇవ్వు. ఏ వైపు నీళ్లలోకి పెట్టాలి?”

నెవిల్ గింజని తిప్పి తిప్పి చూశాడు. ఒక కొస మొనదేలి ఉంది, ఒక కొస చదునుగా ఉంది. డెస్ వైపు చూశాడు. డెస్ ఆకాశం వైపు చూశాడు. కమిటీ మొత్తం ఆకాశం వైపే చూసింది.

నెవిల్ గొంతు సవరించుకున్నాడు.

“దీన్ని ఉపసంఘానికి నివేదిద్దాం.”