బాదం గింజ, బావగారి బుగ్గ

“ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరు హంతకులు” అన్నారు మా బావగారు తోర్కిల్, బాతు కాలు చేత్తో పట్టుకుని. “ఎవరో నాకు తెలుసు. ఇప్పుడే చెప్పను. ఇవాళ నా మెదడు మంచి పదును మీదుంది.”

తను కూడా ఆ బల్ల దగ్గరే కూర్చున్నారన్న సంగతి ఆ పదునైన మెదడుకి తట్టలేదు.

బావగారు కిటికీలు అమ్మే ఉద్యోగం మానేసి, డిటెక్టివ్‌నని చెప్పుకు తిరుగుతున్నారు. అందుకోసం పెద్ద పెద్ద ఇత్తడి గుండీల కోటొకటి కొన్నారు. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒకటే, పక్కింటి పిల్లి మాయమైన కేసు. ఆ పిల్లి ఆయన కారులోనే నిద్రపోతోంది. ఆయన దాని మీద కూర్చుంటే అరిచింది, దొరికింది.

ఈసారి ఆయనకి కేసుగా దొరికింది మా అమ్మాయి సిల్యే. దానికి బాదంలాంటి పప్పులేవీ పడవు. ఒక్క పలుకు నోట్లో పడినా గొంతు వాచిపోతుంది. పోయిన ఈస్టర్‌కి అత్తయ్య “కొంచెమే కదా” అని కేకులో బాదం పొడి కలిపారు. అంబులెన్స్ వచ్చింది. అత్తయ్య దృష్టిలో మాత్రం అదంతా నా పెంపకం లోపం.

“మా కాలంలో ఈ జబ్బుల్లేవమ్మా. అన్నీ తినేవాళ్లం.”

“తినలేనివాళ్లు పోయుంటారు అత్తయ్యా.”

క్రిస్మస్‌కి మాత్రం ఆవిడ ఒట్టేశారు. సిల్యేకి నీలం గిన్నెలో వేరే పాయసం, మాకు గాజు గిన్నెలో బాదం తరుగు వేసిన పాయసం. మా డెన్మార్క్‌లో ఆ పూట ఏ ఇంట్లో చూసినా ఇదే. చల్లారిన బియ్యప్పాయసంలో మీగడ కలిపి, పైన చెర్రీ రసం పోసి, ఒకే ఒక్క బాదం గింజని తరగకుండా అందులో దాస్తారు. అది దొరికినవాళ్లకి మిఠాయి పంది బొమ్మ బహుమతి. అయితే దొరికిందని చెప్పకూడదు. గింజని బుగ్గలో దాచుకుని, మిగతావాళ్లు ఆశకొద్దీ పొట్ట పగిలేలా తింటుంటే చూసి ఆనందించాలి.

“ఎప్పుడూ కొనే బాదం ముద్ద పంది కాదు, ఇది చక్కెరది. సిల్యే కోసమని ఊరంతా తిరిగి తెచ్చాను, చూశావా రాగ్నా?” అన్నారు అత్తయ్య. నేను కరిగిపోయాను. కరక్కుండా ఉండాల్సింది.

నీలం గిన్నె సిల్యే ముందు పెట్టగానే బావగారు చెయ్యెత్తారు.

“ఆగండి. శత్రువు ఎప్పుడూ బలహీనుల గిన్నెనే ఎంచుకుంటాడు. ముందు నేను పరీక్షించాలి.”

“ఒక్క చెంచా, బావగారూ. అంతే.”

ఒక చెంచా తిన్నారు. కళ్లు మూసుకుని ఆలోచించారు. ఇంకోటి తిన్నారు. మూడోది తింటూ ఉన్నట్టుండి నోరు మూసేశారు. నాకు పెళ్లయ్యాక ఆయన మాట్లాడకుండా ఉండటం చూడటం అదే మొదటిసారి.

“ఏమైంది అన్నయ్యా?” అన్నాడు మా ఆయన ఆస్గర్.

“ఏం లేదు. నిరపాయం. పాప తినొచ్చు” అన్నారు బావగారు, మాట ముద్దముద్దగా. నోట్లో మీగడ ఉందనుకున్నాను.

సిల్యే గిన్నె దూరంగా తోసింది. “పెదనాన్న ఎంగిలి నాకొద్దు.”

“అలా అనకూడదు బంగారం. పైపైన తీసేసి అడుగుదాకా తిను” అని అత్తయ్య బతిమాలడం మొదలుపెట్టారు. అది మూతి ముడుచుకుని పాయసాన్ని కలుపుతూ కూర్చుంది.

మేం గాజు గిన్నె మీద పడ్డాం. సగమైంది, అడుగంటింది. గింజ జాడ లేదు. ఆస్గర్ బెల్టు వదులు చేసుకున్నాడు.

“ఎవరి దగ్గరుందో చెప్పండర్రా. ఇంక నావల్ల కాదు.”

బావగారు వేడికి కోటు విప్పి కుర్చీకి తగిలించి, భూతద్దం తీశారు.

“బాదం గింజ చోరీ అయింది. ఎవరూ కదలొద్దు. వేలిముద్రలు తీస్తాను.” దాల్చినచెక్క పొడి డబ్బా తీసుకుని నీలం గిన్నె అంచు మీద చల్లారు.

“పోయిన గింజ గాజు గిన్నెలోదైతే, దీనిమీద ఎందుకు?” అన్నాను.

“నీకు అర్థం కాదులే అమ్మాయ్” అంటూ గిన్నెలోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చారు.

నానమ్మ పోరు పడలేక సిల్యే అప్పుడే తన చెంచా నింపి పైకెత్తింది. బావగారు తుమ్మారు. ఆయన నోట్లోంచి బాదం గింజ ఎగిరి, చక్కెర పంది చెవికి తగిలి, దొర్లుకుంటూ వచ్చి సిల్యే పళ్లెం పక్కన ఆగింది.

“నీ దగ్గరే ఉందా అన్నయ్యా?”

“పద్ధతి ప్రకారం దాచాను. పంది నాదే.”

“బావగారూ, మీరు గాజు గిన్నెలోది ఇంకా ముట్టనే లేదు.”

నా మాట నాకే చెవిన పడింది. అంటే ఆ గింజ నీలం గిన్నెలోది. సిల్యే చేతిలో చెంచా లాగేశాను.

అత్తయ్య ఏప్రాన్ కొస మెలిపెడుతున్నారు. “నేనే వేశాను. పాపం, అది ఒక్కసారీ గెలవదు. అందరూ ఆడుతుంటే చూస్తూ కూర్చుంటుంది. గింజ కనబడితే బయటికి తీస్తుంది, తినదు కదా అనుకున్నాను. తరుగు ఒక్క పలుకైనా వెయ్యలేదు, ఒట్టు.”

తిట్టాలని నోరు తెరిస్తే ముందు ఏడుపొచ్చింది. “పంది కోసం ఊరంతా తిరిగారు కదా అత్తయ్యా. గింజ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించలేకపోయారా?”

జవాబు బావగారు చెప్పారు.

“హంతకులు ఈ బల్ల దగ్గరే ఉన్నారని నేను ముందే చెప్పానా లేదా? కేసు ముగిసింది” అని పందిని జేబులో వేసుకున్నారు. పాప తినొచ్చని తీర్పు చెప్పిన నోరే అది. సిగ్గనేది ఆయన మెదడు దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

నేను నీలం గిన్నెలోది చెత్తబుట్టలో పారేస్తుంటే సిల్యే అంది, “నానమ్మా, గింజే ఎందుకు? గుండీ వేస్తే నేనూ ఆడేదాన్ని కదా.”

అత్తయ్య లేచారు. కత్తెర తీసుకుని బావగారి కోటున్న కుర్చీ వెనక్కి వెళ్లారు. నేను చూసి ఊరుకున్నాను.

మరుసటి క్రిస్మస్‌కి బాదం వాసన ఇంట్లోకే రాలేదు. అందరికీ ఒకటే గిన్నె. మేం తినలేక ఆయాసపడుతుంటే సిల్యే ఒక బుగ్గ ఉబ్బించుకుని కూర్చుంది. గిన్నె ఖాళీ అయ్యాక నోట్లోంచి ఇత్తడి గుండీ తీసి బల్ల మీద పెట్టింది. ఏడాదిగా కోటు గుండీ దొంగ కోసం ఇరుగుపొరుగు నెత్తిన కూర్చున్న బావగారు దాన్ని భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూశారు.

“అచ్చం ఇలాంటిదే నాదొకటి పోయింది” అన్నారు. “కానీ ఆ కేసు వేరు.”