బిగింపు చార్టు ఘనవిజయం

మా కర్మాగారంలో తుప్పును సమూలంగా నిర్మూలించినట్లు యాజమాన్యం హర్షంతో ప్రకటించింది. తుప్పు నిర్మూలన సంఘానికి కార్యదర్శిగా మినిట్స్ రాసే భాగ్యం నాకే దక్కింది కాబట్టి, ఆ ఘనకార్యం ఎలా జరిగిందో లోకానికి తెలియజేయడం నా విధి.

మా యాసిడ్ షెడ్డులో పైకప్పు నుంచి గొట్టాలు వేలాడుతుంటాయి. వాటిని పట్టి ఉంచేవి నట్టు బిగించడానికి వీలుగా మరలు చెక్కిన ఇనుప కడ్డీలు. యాసిడ్ ఆవిరికి ఇనుమంటే ప్రాణం. ఏటా రంగు వేస్తాం, ఏటా తుప్పు పడుతుంది, ఏటా ఆశ్చర్యపోతాం. పోయిన ఏడాది ఒక కడ్డీ పుటుక్కున తెగి, గొట్టం ఒరిగి, కింద వాల్వులు తిప్పే ఆపరేటరు కూర్చునే స్టూలు మీద యాసిడ్ పడింది. ఆ క్షణాన అతను మంచినీళ్లకు వెళ్లాడు గనక బతికాడు. యాజమాన్యం తక్షణమే స్పందించి, షెడ్డులో స్టూళ్లను నిషేధించింది.

ఆ ఆపరేటరు మా పెద్ద ఫిట్టరుకు స్వయానా బావమరిది. అందుకే ఫిట్టరు చెప్పులరిగేలా తిరిగి, ఇనుము బదులు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు తెప్పించాడు. తుప్పు పట్టవు, కరెంటు పారదు, బరువు ఇనుములో పావు వంతు. సంఘం ముందు నిలబడి ఒక్క మాట మాత్రం విన్నవించాడు.

"సార్, ఇది ఇనుము కాదండీ. బలం ఉంది కదా అని పానాతో ఉడుంపట్టు పడితే మరలు తరిగిపోతాయి. కడ్డీలు చేసినవాళ్లు కాగితంలో ఎంత రాశారో అంతే నట్టు బిగించాలి."

మేమంతా శ్రద్ధగా తలలూపాం. తలలూపినట్లు మినిట్స్‌లో రాశాను కూడా.

ముందు స్టోర్‌కీపరు అడ్డుపడ్డాడు. కడ్డీలు లోపలికి రావాలంటే అయస్కాంత పరీక్ష నెగ్గాలన్నది నిబంధన. నలభై ఎనిమిది కడ్డీల్లో ఒక్కటీ అంటుకోలేదు. "అయస్కాంతం పట్టనిదాన్ని కడ్డీ అని ఏ మొహం పెట్టుకుని రాసుకోనండీ?" అన్నాడు. సంఘం మూడు రోజులు మేధోమథనం చేసి, ఒక్కో కడ్డీకి ఒక్కో ఇనుప తీగ చుట్టించింది. అన్నీ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణమయ్యాయి.

తరవాత రంగుల విభాగం లేచింది. కడ్డీలకు ఏటా తుప్పు నిరోధక రంగు వేయాలన్నది మరో నిబంధన. పట్టని తుప్పును నిరోధించడం తేలికే కాబట్టి, ఆ విభాగం గడువుకు ముందే లక్ష్యం పూర్తిచేసి మెప్పు పొందింది.

ఇక సేఫ్టీ ఆఫీసరుగారు. వారి గదిలో గాజు పలక వెనక ఒక బిగింపు చార్టు ఉంది. ఏ లావు కడ్డీకి నట్టు ఎంత బిగించాలో అందులో ఉంటుంది. ఇనుము కోసం రాసిన చార్టు. వారు మా అందరి ఎదుట ఒక ఫైబర్ కడ్డీని స్వహస్తాలతో చార్టు ప్రకారం బిగించి చూపారు. మరలు పిండిలా రాలిపోయాయి. వారు చొక్కా దులుపుకుని, "లోపం కడ్డీది. చార్టుది కాదు" అని సెలవిచ్చారు. మిగతా కడ్డీలన్నీ చార్టు ప్రకారమే బిగించాలనీ, ఒక్కోదానికి ఫిట్టరు సంతకం చేయాలనీ, లేకుంటే సస్పెన్షనేననీ ఉత్తర్వు వెలువడింది.

ఆ సాయంత్రం ఫిట్టరు ఇంట్లో ముద్ద దిగక కూర్చున్నాడట.

"చార్టు ప్రకారం బిగిస్తే నీ తమ్ముడు పోతాడు. బిగించకపోతే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు భార్యతో.

ఆమె కంచం ముందుకు జరిపి, "సంతకం పెట్టడానికి పానా ఎందుకండీ?" అంది.

మర్నాడు అతను కడ్డీలన్నిటినీ తయారీదారు కాగితం ప్రకారం మెత్తగా బిగించి, చార్టు ప్రకారం బిగించినట్లు అన్నిచోట్లా సంతకాలు చేశాడు. ఏడాది గడిచింది. గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు. బావమరిది నిక్షేపంగా ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం కుదుటపడింది.

సభ జరిగింది. డైరెక్టరుగారు సేఫ్టీ ఆఫీసరుకు శాలువా కప్పి, "కడ్డీలు మారవచ్చు, పదార్థాలు మారవచ్చు, కానీ చార్టు శాశ్వతం!" అని గర్జించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఫిట్టరే. అనుభవంలో నిగ్గుదేలిందన్న ముద్రతో ఆ చార్టును వేల ప్రతులు అచ్చువేయించి, ఆసుపత్రులూ బడులూ సినిమా హాళ్లూ కట్టే కంపెనీలకు పంపాం. అక్కడా ఇప్పుడు పైకప్పులకు ఫైబర్ కడ్డీలే వేలాడుతున్నాయి.

ఆ సంగతి తెలిసిన రోజు ఫిట్టరు పాలిపోయిన మొహంతో నా బల్ల దగ్గరికొచ్చాడు. "సార్, ఆ చార్టు ఆపించండి. నా సంతకాలు అబద్ధం. ఎవరి నెత్తిన ఏం పడుతుందో!"

నిజం ఒప్పుకుంటే అతని ఉద్యోగం పోతుందని నచ్చజెప్పాను. అంతకంటే ఘోరం, నా మినిట్స్ తిరగరాయాలి. కంగారు పడవద్దని ధైర్యం చెప్పి పంపాను. మీరూ తలెత్తి చూసుకోనక్కర్లేదు. మీ కప్పు బిగిస్తున్న ఫిట్టర్లు మావాడిలా దొంగ సంతకాలు పెట్టే రకం కాదు, చార్టులో ఉన్నంతా బిగించాకే సంతకం చేసే నిజాయితీపరులు.