అందుబాటులో అగ్రస్థానం

టల్లీ కౌంటీలో ఇకపై ఎవరూ డాక్టరు కోసం వెతుక్కోనక్కర్లేదని రాష్ట్ర ఆరోగ్యశాఖ డిప్యూటీ కమిషనర్ హాలిస్ బ్రూబేకర్ గారు ప్రకటించారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు తీసుకునే నలభై ఒక్కమంది జనరల్ మెడిసిన్ డాక్టర్ల వివరాలతో పుస్తకం అచ్చువేయించారు. ఆవిష్కరణ సభకి ఒక్క డాక్టరూ రాలేదు. అంత తీరిక లేకుండా సేవ చేస్తున్నారన్నమాట!

బడి బస్సు నడిపి రిటైరైన ఆర్డిత్ కౌల్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆమె బీపీ బిళ్లలు తొమ్మిదే మిగిలాయి. డాక్టరు చీటీ లేనిదే మందుల షాపువాడు కొత్తవి ఇవ్వడు. బీపీతోనే తండ్రి పొలంలో కుప్పకూలడం కళ్లముందే చూసిన మనిషి, అందుకే ఆమెకి భయం.

పుస్తకం తెరిచేలోగా ఫోను మోగింది.

"డాక్టర్ పెన్‌హాలో గారేనా?"

ఆయన ఆరేళ్ల కిందటే ప్రాక్టీసు మూసేసి ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఆ నంబరే ఫోను కంపెనీ ఆర్డిత్‌కి ఇచ్చింది; పుస్తకంలో మాత్రం ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

"నేను బస్సు డ్రైవర్ని నాయనా!"

"పర్లేదండీ. కార్డు తీసుకుంటారా?"

సాయంత్రానికి పదకొండు మంది చేశారు. ఉప్పు తగ్గించండని అందరికీ చెప్పింది. మధ్యమధ్యలో మిగతా నలభై నంబర్లకీ తను చేసింది. ఒకాయన పోయాడు, ఒకాయన గుర్రాలకి మాత్రమే వైద్యం చేస్తాడు, మిగిలినవాళ్లు ఎత్తలేదు.

ఉండబట్టలేక బ్రూబేకర్ గారికే చేసింది.

"నా నంబరు తీసేయండి బాబూ!"

"అంత మాటనకండమ్మా! మా సర్వేలో ఫోను ఎత్తింది మీరొక్కరే. మిమ్మల్ని తీసేస్తే కౌంటీ మొత్తం సున్నా!"

"మీ సున్నా సంగతి సరే, నా బిళ్లల సంగతేంటి?"

"హెల్ప్‌లైన్ ఉందిగా! అది కూడా నేనే ప్రారంభించాను."

నాలుగో రోజున 'అందుబాటులో అగ్రస్థానం' అని చెక్కిన ఇత్తడి ఫలకం ఇంటికొచ్చింది. గోడకి మేకు కూడా వాళ్లే పంపారు.

బిళ్ల ఒక్కటే మిగిలిన రోజు ఆర్డిత్ హెల్ప్‌లైన్‌కి చేసింది.

"అదృష్టవంతులండీ!" అంది అవతలి అమ్మాయి. "మీ ఊళ్లోనే ఒకరున్నారు. ఎప్పుడు చేసినా ఎత్తుతారు, ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారట. నంబరు రాసుకోండి."

ఆర్డిత్ పది అంకెలూ రాసుకుంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఆఖరి బిళ్ల వేసుకుని, ఆ నంబరుకే చేసింది.

ఎంగేజ్ వచ్చింది.