అరటిచెట్టు మొదట్లో చీమలు

ఆ శనివారం కిరుండా పెట్టుకున్న పనల్లా ఒక్కటే: నాలుగు చెంచాల చక్కెర వేసిన టీ రెండు కప్పులు తాగి, జింజా ఊరి మైదానంలో బంతాట చూడడం. ఈమధ్య దాహం ఎక్కువైందని పక్కన చెంబుడు నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

"నాన్నా, ఉచ్చొస్తోంది," అంటూ నాలుగేళ్ల ముకోసే పెరట్లోకి పరుగెత్తాడు. కప్పు ఖాళీ అయ్యేలోపు మళ్లీ లేచాడు. బళ్లో వేసినప్పటి నుంచీ ఇదే వరస.

"ఇప్పుడేగదరా వెళ్లొచ్చావు? కాస్త ఆపుకోలేవూ?"

వాడు బిక్కమొహం వేసి పరుగు తీశాడు. కిరుండా వెనకే వెళ్లేసరికి పని ముగించుకుని ఎదురొస్తున్నాడు. అక్కడ ఒక అరటిచెట్టు మొదట్లో చీమలు బారులు తీరి ఉన్నాయి. కిరుండా గుండె గుభేలుమంది. ఉచ్చకు చీమలు పడితే ఒంట్లో చక్కెర ఉన్నట్టేనని ఆ బుసోగా సీమలో తెలియనివాళ్లు లేరు.

"నైగాగా, మనవాడికి చక్కెర జబ్బే," అని పెళ్లాన్ని కేకేశాడు. ఆమెకంటే ముందు వీధి వింది.

కిరుండా తల్లి నాంగోబి చక్కెర డబ్బా ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చుంది. పక్కింటావిడ చేదాకు కషాయం తెచ్చింది. ఎదురింటాయన పిల్లాడి కంట పడకూడదంటూ వీళ్ల చెరకుగడలన్నీ తన ఇంటికి మోసుకుపోయాడు. వచ్చినవాళ్లంతా "వస్తోందా బాబూ?" అని అడిగేవాళ్లే. అడిగినప్పుడల్లా వాడికి వచ్చేది.

చివరికి అందరూ ఊరేగింపుగా ఆసుపత్రికి బయలుదేరారు. బంతాట సంగతి కిరుండాకి గుర్తే లేదు.

డాక్టరమ్మ పిల్లాడి ఉచ్చ సీసాలో పట్టించి, పరీక్ష చేసి, "చక్కెరా లేదు, ఇంకే జబ్బూ లేదు. బడి కొత్తగదా, బెంగ పెట్టుకున్నాడు. కసరకండి, మాటిమాటికీ అడక్కండి. అదే తగ్గిపోతుంది. మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉంటే మాత్రం తీసుకురండి," అంది.

కిరుండాకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కొడుకుని గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు.

"మరి ఆ చీమల మాటేమిటమ్మా?" అంది నాంగోబి.

"అది నా చెట్టు కాదు నానమ్మా," అన్నాడు ముకోసే తండ్రి చంకలోంచి. "నాన్నది. నాది అవతలది. దాహం కూడా నాన్నకే."

అందరూ కిరుండా వైపు చూశారు. డాక్టరమ్మ ఇంకో సీసా తీసి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం కిరుండా చక్కెర లేని చప్పిడి టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక గుక్క తాగి, మెల్లగా పెరటివైపు లేచాడు.

"ఇప్పుడేగా నాన్నా వెళ్లొచ్చావు?" అన్నాడు ముకోసే.

"అడక్కురా," అంది నాంగోబి. "డాక్టరమ్మ అడగొద్దంది."